అంకమ్మకు చప్పట్లు పడవు

గవ్వలపాలెం మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో సలోమి టీచరు పదిహేడేళ్లపాటు పిల్లల్ని మెచ్చుకోవడానికి ఒకే ఒక్క మాట వాడింది. ఆ మాట "ఊఁ". పిల్లవాడు పలక పట్టుకొచ్చి చూపిస్తాడు. లెక్క సరిగ్గా ఉంటే టీచరు "ఊఁ" అని తర్వాతి లెక్క వేసిస్తుంది. తప్పుంటే అదే "ఊఁ"ను కాస్త సాగదీసి, చివర పైకి లేపి వదులుతుంది. పిల్లవాడు తల గోక్కుంటూ వెనక్కి పోయి, తప్పెక్కడుందో వెతుక్కుంటాడు. అంతే, ఆవిడ బోధనా పద్ధతి మొత్తం అదే. దానికొక పేరుందని గానీ, అదొక నేరమని గానీ ఆవిడకు తెలీదు.

నేరమని ఆగస్టు నెలలో తెలిసింది.

ఎక్కడో ఏదో దేశంలో ఎవరో పెద్దాయన, చప్పట్లు కొడితే పిల్లలు బాగా చదువుతారని కనిపెట్టాడట. ఆయన ఎంతమంది పిల్లల్ని చూశాడో, ఎన్ని చప్పట్లు కొట్టాడో మనకు తెలీదు. మన పై అధికారులకు మాత్రం ఆ సంగతి ఓ పెద్ద హోటల్లో జరిగిన సదస్సులో భోజనానికి ముందు తెలిసింది. భోజనాలు అయ్యేసరికి అది పథకమైపోయింది. పేరు 'కరతాళ ప్రేరణ'. ఉత్తర్వు ఇలా ఉంది: "విద్యార్థి అంతరంగమున నిద్రాణమై యున్న ప్రేరణా శక్తిని బాహ్య కరతాళ ధ్వనుల ద్వారా జాగృతము చేయుటకు నిర్ణయించడమైనది. కావున ఇకమీదట ఏ విద్యార్థియు చప్పట్లు లేకుండా ఏమియు నేర్చుకొనరాదు."

మండల కేంద్రంలో అయిదు రోజులు శిక్షణ పెట్టారు. 'చప్పట్ల దీపిక' అని తలా ఒక పుస్తకం ఇచ్చారు. అందులో ఇరవై నాలుగు రకాల చప్పట్లున్నాయి. వాన చప్పట్లు చిన్న చినుకులతో మొదలై జడివానలా ముగియాలి. రైలు చప్పట్లకు నోటితో కూత పెట్టాలి. అన్నిటికంటే కష్టమైనవి దోసె చప్పట్లు. ఎడమ అరచెయ్యి పెనం అనుకోవాలి. కుడిచేత్తో పిండి పోసి, గుండ్రంగా తిప్పి, 'చుయ్‌య్' అని నోటితో కాల్చి, అట్లకాడతో తిరగేసి, ఆ పైన టప్పున ఒక్క చప్పట కొట్టాలి. ఇంకో ఆరు నెలల్లో రిటైరయ్యే పెద్దమనుషులు వరసగా నిలబడి దోసెలు పోస్తుంటే, శిక్షకుడు త్రివిక్రమరావు గారు మధ్యలో తిరుగుతూ "మాస్టారూ, మీది మాడిపోయింది. మళ్లీ పొయ్యండి" అని సరిచేశారు.

మూడో రోజు సలోమి టీచరు లేచి నిలబడింది. "సార్, బడిలో ఇరవై తొమ్మిది మంది పిల్లలండీ. ఒక్కొక్కరికి రోజుకు కనీసం పది సార్లు చప్పట్లంటున్నారు. మరి లెక్కలు ఎప్పుడు చెప్పాలండీ?"

త్రివిక్రమరావు గారు జాలిగా నవ్వారు. "మేడమ్ గారూ, మీరింకా పాత పంథాలోనే ఆలోచిస్తున్నారు. ప్రేరణ మూలం, లెక్క ఫలితం. మీరు మూలం మీద దృష్టి నిలపండి. ఫలితం దానంతటదే వస్తుంది."

"ఎక్కడికొస్తుందండీ?"

"రిపోర్టులోకి వస్తుంది" అన్నారాయన. "అయినా మంచి ప్రశ్న అడిగారు. మేడమ్ గారికి అందరూ వాన చప్పట్లు!"

ఆవిడ తడిసి ముద్దయి కూర్చుంది.

గవ్వలపాలెం బడికి హెడ్మాస్టరు పిచ్చేశ్వరరావు గారు. మంచివాడే, చీమకు కూడా హాని తలపెట్టడు. కాకపోతే గుండ్రటి ముద్ర ఉన్న కాగితం కనబడితే ఆయనకు చెమటలు పోస్తాయి. శిక్షణ ముగిసిన మర్నాడే గోడ మీద 'నేటి చప్పట్లు' అని నల్లబల్ల కట్టించాడు. పిల్లల పేర్లతో చప్పట్ల రిజిస్టరు తెరిచాడు. ప్రతి పిల్లవాడినీ పేరు పెట్టి పిలిచి, చప్పట్లు కొట్టి, ఆ చప్పుడును ఫోనులో రికార్డు చేసి మండలానికి పంపాలి. శబ్దం చాలకపోతే తిరిగొస్తుంది.

మొదటి వారం పిల్లలకు పండగే పండగ. "మూడు ఒకట్లు?" అంటే "మూడు!" అని అరుస్తారు. రైలు చప్పట్లు. "మూడు రెళ్లు?" "ఆరు!" దోసె చప్పట్లు. ఒకడి దోసె తిరగబడలేదని పక్కవాడు ఫిర్యాదు చేస్తాడు, మళ్లీ పోస్తారు. మూడు మూళ్లకు వచ్చేసరికి గంట కొట్టేస్తారు. ఇదివరకు ఆ గంటలో రెండెక్కాలు అప్పజెప్పిన పిల్లలు ఇప్పుడు పావు ఎక్కం దగ్గర చేతులు మండి కూర్చుంటున్నారు. పిచ్చేశ్వరరావు గారు మాత్రం "శబ్దం బాగా వచ్చిందమ్మా, మండలంలో మనమే ఫస్టు" అని మురిసిపోయాడు.

రెండో నెలకు పిల్లలు తెలివిమీరారు. పాతిక ఎక్కం చెప్పినా అవే చప్పట్లు, ఒకటో ఎక్కం చెప్పినా అవే చప్పట్లు అయినప్పుడు పాతిక చెప్పేవాడు వెర్రివాడు గదా! అయిదో తరగతి వాళ్లు ఒకటో ఎక్కం అప్పజెప్తామని ఎగబడ్డారు. మంచినీళ్లు తాగి వచ్చి చప్పట్లడిగారు. మధ్యాహ్నం కోడిగుడ్డు పొట్టు తీసి చప్పట్లడిగారు. ఒకటో తరగతి బుడ్డోడొకడు మరుగుదొడ్లో కూర్చుని, తను సాధించినదానికి బయటినుంచి చప్పట్లు వినబడేదాకా తలుపు తియ్యనన్నాడు. వంటమనిషి రవణమ్మ సాంబారు గరిటె పక్కన పెట్టి, "ఖర్మ, ఖర్మ" అనుకుంటూ వెళ్లి కొట్టొచ్చింది.

ఒకరోజు నాలుగో తరగతి బాజీ తల్లి మస్తానమ్మ బడి మీదకొచ్చింది.

"ఏం టీచరమ్మా, మావాడికి ఏం మందు పెట్టారు మీరు? పళ్లు తోముకోరా అంటే చప్పట్లు కొట్టమంటాడు. నీళ్లు పోసుకోరా అంటే చప్పట్లు కొట్టమంటాడు. మా మావకి పచ్చవాతమొచ్చి ఓ చెయ్యి పడిపోయిందా? ఆ ముసలోణ్ణి గూడా వదలడంట! ఒంటి చేత్తో తొడ మీదన్నా కొట్టుకోవాలంట, లేకపోతే బువ్వ తినడంట. ఇదేం చదువమ్మా, ఇదేం రోగం?"

సలోమి టీచరు తల దించుకుంది. పిచ్చేశ్వరరావు గారు మాత్రం శ్రద్ధగా విని, ఆ నెల నివేదికలో ఒక వాక్యం చేర్చాడు. "ప్రేరణ విద్యార్థుల గృహములకు సైతము విస్తరించినది. దివ్యాంగులైన వృద్ధులు సైతము ఉత్సాహముగా పాల్గొనుచున్నారు."

ఇదంతా నవ్వుకుని ఊరుకోవచ్చు. సలోమి టీచరు నవ్వలేకపోయింది ఇంకోచోట. ఒకరోజు వరండా మెట్ల మీద ఒకటో తరగతి పిల్ల జారిపడి మోకాలు దోక్కుపోయి ఏడుస్తోంది. చుట్టూ నలుగురు పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఒక్కరూ చెయ్యందించడం లేదు. ఇదివరకైతే టీచరు వచ్చేలోపు ఆ పిల్లను లేపి, బోరింగు దగ్గర కాలు కడిగి, ఏదో ఆకు నలిపి పూసేసేవాళ్లు.

"లేపరేం రా?" అని కోప్పడింది టీచరు.

"మీరు రాలేదు గదా టీచర్. ఎవురూ చూడకుండా లేపితే లెక్కలోకి రాదు గదా" అన్నాడు బాజీ. వాడి మొహంలో దొంగచూపు లేదు, పొగరు లేదు. రూలు చెప్పాడంతే.

బడి మొత్తానికి చప్పట్లు పడనిది ఒక్క అంకమ్మకు. మూడో తరగతి. నాయనమ్మ పేరే పెట్టారు, అందుకని ఊళ్లో ముసలామెను పెద్దంకమ్మ అంటారు, దీన్ని చిన్నంకమ్మ అంటారు. తల్లి లేదు, తండ్రి ఎక్కడో లారీల మీద తిరుగుతుంటాడు. నాయనమ్మ మిరపకాయల తొడిమలు తియ్యడానికి కూలికి పోతుంది. చిన్నంకమ్మకు లెక్కలంటే ప్రాణం. మిగతా పిల్లలు లెక్క అయిపోయిందని సంతోషిస్తే, అది ఇంకో లెక్క ఉందని సంతోషించేది. పలక చూపించడం, "ఊఁ" అనిపించుకోవడం, పరుగున పోయి కూర్చోవడం, దాని పొద్దంతా అదే. సలోమి టీచరు పదిహేడేళ్లలో అలాంటి పిల్లను చూడలేదు. పైకి చెప్పలేదు గాని, రోజూ బడికి వచ్చేటప్పుడు దానికోసమే ఒక గట్టి లెక్క ఆలోచించుకుని వచ్చేది.

చప్పట్లు వచ్చిన మొదటిరోజు అంకమ్మ చెవులు మూసుకుంది. రెండోరోజు బల్ల కిందికి దూరింది. ఆ తర్వాత లెక్కలు చెప్పడమే మానేసింది. ఏమడిగినా నేలచూపులు చూస్తుంది. రిజిస్టరులో దాని పేరు ఎదుట సున్నాలు పడ్డాయి. పిల్ల మొద్దుబారిపోతోందని సలోమి టీచరు బెంగపడింది.

ఒకరోజు అన్నాల గంటలో ఆవిడ గదిలోకి తొంగిచూస్తే, అంకమ్మ ఒక్కతే కూర్చుని పలక మీద అయిదో తరగతి భాగహారం చేస్తోంది. చివరిదాకా చేసి, ఒకసారి చూసుకుని, టీచరును గమనించి గబగబా మోచేత్తో తుడిచేసింది.

"ఎందుకు తుడిచావే?"

"చప్పట్లు కొడతారు టీచర్."

"కొడితే ఏమయిందే? మెచ్చుకోడానికేగా?"

"చేలల్లో చప్పట్లు కొట్టేది పిట్టల్ని తోలడానికి టీచర్. జొన్నకంకి మీద వాలినయ్యి గదా, చప్పుడు చేస్తే బుర్రున లేచిపోతయ్యి. నా బుర్రలో అంకెలు గూడా అట్నే లేచిపోతన్నయ్యి. మళ్లీ రమ్మంటే రావు."

సలోమి టీచరు పలక తీసుకుని ఇంకో భాగహారం వేసిచ్చింది. పిల్ల చేసుకొచ్చింది. టీచరు గుమ్మం వైపు ఒకసారి చూసి, దొంగసరుకు చేతులు మారుస్తున్నట్టు మెల్లిగా "ఊఁ" అంది. అంకమ్మ మొహం చాటంతయింది. ఆ రోజునుంచి వాళ్లిద్దరూ అన్నాల గంటలో దొంగచాటుగా లెక్కలు చేసుకుంటూ వచ్చారు.

అది ఎన్నాళ్లో సాగలేదు. పథకంలో పదహారో నిబంధన ఉంది. మూడు నెలలు వరసగా సున్నా వచ్చిన పిల్లను 'ప్రేరణ లేమి బాధితురాలు'గా గుర్తించి, ఒక తరగతి వెనక్కి దించి, జిల్లాలో కొత్తగా పెట్టిన ప్రేరణ పునరావాస కేంద్రానికి పంపాలి. నలభై కిలోమీటర్ల దూరంలో మూతపడిన ఎరువుల గోడౌను అది. అక్కడే తిండి, అక్కడే పడక. అంకమ్మకు రెండు నెలలు నిండిపోయాయి.

"ఓ నాలుగు చప్పట్లు మనమే రాసేద్దామా?" అన్నాడు పిచ్చేశ్వరరావు గారు గొంతు తగ్గించి. అంతలోనే ముద్ర గుర్తొచ్చినట్టుంది, "రికార్డింగు అడుగుతారేమో!" అని తనే వణికాడు.

సలోమి టీచరు చప్పట్ల దీపిక అంతా తిరగేసింది. ఇరవై రెండో రకం మౌన చప్పట్లు. చేతులు తగలకుండా గాలిలో కొట్టాలి, చప్పుడుండదు, రికార్డింగు అక్కర్లేదు. "సార్, ఇవైతే అంకమ్మ తట్టుకుంటుంది!" అని పరిగెత్తింది.

ఆయన కళ్లజోడు పెట్టుకుని కిందనున్న చిన్నక్షరాలు చదివాడు. "ఇవి సంతాప దినాల్లోనే వాడాలంటమ్మా. ప్రముఖులెవరైనా పోవాలి." ఆయన నిజంగానే కాసేపు ఆలోచించాడు. "ప్రస్తుతానికి అందరూ బాగానే ఉన్నారు."

మూడో నెలాఖరున తనిఖీకి సంయుక్త సంచాలకులు డాక్టర్ మార్కండేయులు గారు వస్తున్నారని కబురొచ్చింది. పిచ్చేశ్వరరావు గారికి రెండు రోజులు అన్నం సయించలేదు. బడి ముందు వంట గిన్నెలు కడిగిన నీళ్లు పోయే ఇంకుడు గుంత ఒకటుంది. కిందటేడు వేరే పథకం కింద తవ్వారు. ఫొటో తీశాక ఆ పథకం అయిపోయింది, గుంత మిగిలిపోయింది. అది సారు గారి కంటబడకూడదని, దాని మీద 'కరతాళ ప్రేరణ - పిల్లల బంగారు భవిత' అని రాసున్న పెద్ద ఫ్లెక్సీ పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, చుట్టూ ముగ్గు వేయించాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది.

మార్కండేయులు గారు వచ్చారు, వెనక మండల విద్యాధికారి వచ్చారు. పిల్లలు వరసల్లో నిలబడి ఇరవై నాలుగు రకాలూ కొట్టి చూపించారు. సారు గారు ప్రసంగించారు. "ప్రియమైన చిన్నారులారా! చప్పట అనగా కేవలం రెండు చేతుల కలయిక కాదు. అది సమాజమునకు, వ్యక్తికి నడుమ వారధి. ఏ పనికైనను ముందు చప్పట, తరువాతనే పని." పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన ఆగితే కొట్టారు, దగ్గితే కొట్టారు.

తర్వాత సున్నాల పట్టీ చూసి అంకమ్మను ముందుకు పిలిచారు. "ఏం పాపా, ఏడు ఎనిమిదులు ఎంత?"

వరసలో ఉన్న పిల్లలందరూ చేతులు ఎడంగా చాపి సిద్ధంగా నిలబడ్డారు. అంకమ్మ ఆ చేతుల వైపు చూసింది. కొట్టడానికి ఎత్తిన యాభై ఆరు అరచేతులు. 'చెప్పవే తల్లీ, ఒక్కసారి చెప్పు. చెవులు మూసుకుని చెప్పు. చెప్పకపోతే తీసుకుపోతారే' అని సలోమి టీచరు లోపల మొక్కుకుంటోంది. అంకమ్మ పెదవులు కదిలాయి. ఎవడో తొందరపడి ఒక చప్పట వేశాడు. అంకమ్మ నోరు మూసుకుంది.

"ప్రేరణ పూర్తిగా శూన్యం" అన్నారు మార్కండేయులు గారు, వైద్యుడు నాడి వదిలేసినట్టు. బ్యాగులోంచి ఫారం తీసి సలోమి టీచరు చేతికిచ్చారు. "తరగతి ఉపాధ్యాయులు ధ్రువీకరించాలి. సంతకం చెయ్యండి."

టీచరు కలం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఈలోగా సారు గారు పిల్లలందరూ పడేలా తనే ఫొటో తీస్తానని ఫోను పట్టుకుని వెనక్కి నడిచారు. ఇంకొంచెం వెనక్కి. ఇంకొంచెం. ముగ్గు తొక్కారు. బంగారు భవిత మీద కాలు పెట్టారు.

మరుక్షణం ఆయన ఛాతీ నుంచి పైభాగం మాత్రమే కనబడింది.

పిచ్చేశ్వరరావు గారు కెవ్వుమన్నాడు. పిల్లలు మాత్రం బెదరలేదు. పడిపోయినవాళ్లను చూసి నవ్వకూడదని, వెంటనే సాంత్వన చప్పట్లు కొట్టాలని దీపికలో ఉంది. కొట్టారు. సారు గారు గట్టు పట్టుకుని లేవబోయి సగానికి జారారు. ప్రయత్నించినందుకు రైలు చప్పట్లు కొట్టారు. బురదనీళ్లలో నిన్నటి సాంబారు ములక్కాడలు తేలాయి.

"చెయ్యి ఇవ్వండయ్యా! ఎవరన్నా చెయ్యి ఇవ్వండి!" అని ఆయన అరిచారు.

చెయ్యి ఇవ్వడానికి ఎవరికీ చెయ్యి ఖాళీ లేదు. అందరి చేతులూ చప్పట్లలో ఉన్నాయి. మండల విద్యాధికారి ఒక చేత్తో దీపిక పేజీలు తిప్పుతూ, "సార్, గెజిటెడ్ అధికారి పడినప్పుడు ఏవి కొట్టాలో స్పష్టత లేదు సార్, వాన కొట్టించమంటారా?" అని అడిగాడు. పిచ్చేశ్వరరావు గారికి చెమటలు పోస్తున్నాయి, అయినా చప్పట్లు ఆపలేదు. ముందు చప్పట, తరువాతనే పని అని సారు గారే ఇప్పుడే సెలవిచ్చారు కదా!

సలోమి టీచరు ఫారం పక్కన పడేసి గుంత వైపు పరిగెత్తబోయింది. అప్పటికే అంకమ్మ పోయింది. ఇటూ అటూ చూడలేదు, ఎవరి అనుమతీ అడగలేదు. వరండాలోని పొడుగు బెంచీని ఒక చివర పట్టుకుని ఈడుస్తూ, "రవణమ్మత్తా, ఆ పక్క పట్టుకో!" అని కేకేసింది. రవణమ్మ వచ్చి పట్టుకుంది, టీచరు మధ్యలో చెయ్యేసింది. ముగ్గురూ కలిసి బెంచీని గుంతలోకి ఏటవాలుగా దింపారు. అంకమ్మ అంచున గొంతుక్కూర్చుని, "కాలు దీని మీద పెట్టండి సార్. జారదు" అంది. ఆయన పెట్టారు. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలోకి వచ్చాయి. చుట్టూ జడివానలా చప్పట్లు మోగుతున్నాయి. ఆ హోరులో ఆయనకొక్కడికే వినబడేలా అంకమ్మ చెప్పింది.

"యాభై ఆరు సార్."

సారు గారు విన్నారు. పక్కనే ఉన్న సలోమి టీచరూ విన్నది.

ఆయన పైకి వచ్చాక పిల్లలు అంకమ్మను చూసి దోసె చప్పట్లు మొదలెట్టారు. అది చెవులు మూసుకుని గదిలోకి పారిపోయింది.

రవణమ్మ బిందెడు నీళ్లు కుమ్మరించాక మార్కండేయులు గారు మళ్లీ సంయుక్త సంచాలకులయ్యారు. తువ్వాలు చుట్టుకునే నివేదిక చెప్పి రాయించారు. "అనుకోని అవరోధము ఎదురైన వేళ విద్యార్థుల కరతాళ ధ్వనులచే ప్రేరేపితులై, అధికారి వారు స్వయంకృషితో పైకి వచ్చిరి. పథకము యొక్క సామర్థ్యమునకు ఇంతకు మించిన నిదర్శనము లేదు." తర్వాత ఇంకో పేరా చెప్పారు. "ఆ పాప విషయం. చప్పట్లు కొనసాగుచుండగా వరుస తప్పినది. పైగా ఎవరి ప్రోత్సాహమూ లేకుండా పనిచేసినది. ఇది లేమి కాదు, మొండి లేమి."

"సార్, అది యాభై ఆరని చెప్పింది గదండీ. మీరూ విన్నారు గదా!" అంది సలోమి టీచరు.

ఆయన ఆవిడ కళ్లలోకి చూడలేదు. "చప్పట్లు పడలేదు కదమ్మా. నమోదు కాదు."

పదిహేడేళ్ల సర్వీసులో సలోమి టీచరు ఏ కాగితం మీదా ఎదురు రాసి ఎరగదు. ఆ రోజు రాసింది. సంతకం చెయ్యాల్సిన చోట, "ఈ పిల్లకు ఏడు ఎనిమిదులు యాభై ఆరని తెలుసు. తెలుసన్న సంగతి అధికారి గారికీ తెలుసు. కాబట్టి నేను సంతకం పెట్టను" అని రాసిచ్చింది. పిచ్చేశ్వరరావు గారు అది చదివి బెంచీ మీద కూలబడ్డాడు. ఆ బెంచీ ఇంకా తడిగానే ఉంది.

తొమ్మిది రోజులకు రెండు ఉత్తర్వులు వచ్చాయి. ఒకటి, తరగతి ఉపాధ్యాయురాలి సంతకం లేకుండానే అంకమ్మను కేంద్రానికి పంపమని. రెండోది, "సదరు ఉపాధ్యాయురాలికి కూడ ప్రేరణ లేమి సోకినట్లు అనుమానించి" ఆవిడను శిక్షగా అదే కేంద్రానికి బదిలీ చేస్తూ. అక్కడ పనిచెయ్యడానికి జిల్లాలో ఎవరూ దరఖాస్తు పెట్టలేదట.

బస్సు దగ్గరికి పెద్దంకమ్మ వచ్చింది. మిరపకాయల ఘాటుకు చేతులు ఎర్రగా పొంగున్నాయి. "టీచరమ్మా, దానికి రోగమంటన్నారు, ఏం రోగమమ్మా? ఒళ్లు కాలదు, దగ్గదు, బువ్వ తింటది. రేత్తిరి పక్కలో పడుకుని గూడా ఏయో అంకెలు గొణుగుద్ది. అదేనా రోగం?"

"అదే పెద్దమ్మా" అంది సలోమి టీచరు. ఇంకేమన్నా అంటే ఏడుపొచ్చేస్తుందని బస్సెక్కేసింది. "ఆదివారం ఆదివారం వస్తానే!" అని ముసలామె కిటికీ పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తింది. అంకమ్మ బస్సు నంబరులోని అంకెలు కూడుకుంటూ ఏడుపు ఆపుకుంది.

గోడౌనులో ఇంకా యూరియా వాసన పోలేదు. జిల్లా నలుమూలలనుంచీ తెచ్చిన సున్నా చప్పట్ల పిల్లలు ముప్ఫై ఒక్కరున్నారు. అడక్కుండానే మొక్కలకు నీళ్లు పోసినవాడొకడు. కథ మధ్యలో చప్పట్లు కొడుతుంటే "ఉండండి, తర్వాత ఏమైందో చెప్పనియ్యండి" అని కసిరినది ఒకతె. పక్కవాడికి పెన్సిలిచ్చి ఎవరికీ చెప్పనివాడింకొకడు. అందరూ మొండి కేసులే. సలోమి టీచరు మొదటిరోజు వాళ్లను చూసి నల్లబల్ల తుడిచి, ఒక లెక్క వేసింది. పలకలు వచ్చాయి. "ఊఁ" అంది. ముప్ఫై ఒక్క తలలు గభాలున పైకి లేచాయి. ఎన్నో నెలల తర్వాత సొంత ఊరి యాస విన్నట్టు చూశారు వాళ్లు.

తనిఖీకి ఎవరూ రాలేదు. చప్పట్లు లేని చోటికి వచ్చి ఏం చేస్తారు! అంకమ్మను రెండో తరగతికి దించారు గనక రెండో తరగతి వరసలో కూర్చుని ఆరో తరగతి లెక్కలు చేసింది. ఆదివారాలు పెద్దంకమ్మ జొన్నరొట్టెలు తెచ్చేది. ఏప్రిల్లో జిల్లా అంతటా ఒకే పరీక్ష పెట్టారు. మే నెలలో ఫలితాలొచ్చాయి. జిల్లాలో మొదటి స్థానం గోడౌనుది. గవ్వలపాలెం చప్పట్లలో మొదటిది, లెక్కల్లో చివరినుంచి మొదటిది.

ఇక పై అధికారులకు కళ్లు తెరుచుకుంటాయనుకున్నాం గదా! తెరుచుకున్నాయి. మార్కండేయులు గారు సదస్సులో వివరించారు. "చప్పట్లకు నోచుకోని ఈ అభాగ్యులు చప్పట్ల కొరకు ఎంతగా తపించిరో ఈ ఫలితములే చెప్పుచున్నవి! లేమిలోనే ఇంత సాధించిన వారు, కలిమిలో ఎంత సాధింతురు! కావున గత సంవత్సరపు బకాయి చప్పట్లు యావత్తు వారికి ఒకేసారి చెల్లించవలెను."

బడులు తెరిచిన మొదటి సోమవారం పొద్దున్నే గోడౌను ముందు అయిదు బస్సులు ఆగాయి. శిక్షణ పొందిన చప్పట్ల బృందాలు రెండు వందల మంది దిగారు. మైకు పెట్టారు. త్రివిక్రమరావు గారు వరసలు సరిచేస్తున్నారు. మార్కండేయులు గారు గుమ్మం దాకా వచ్చారు, ఈసారి అడుగు తీసి అడుగు వేసేముందు నేల చూసుకుంటూ.

లోపల అంకమ్మ నల్లబల్ల దగ్గర నిలబడి ఒక పెద్ద లెక్క మధ్యలో ఉంది. బస్సుల చప్పుడు విని సుద్దముక్క ఆగింది. పిల్ల వెనక్కి తిరిగి టీచరు వైపు చూసింది.

సలోమి టీచరు గుమ్మం దగ్గరికి వెళ్లింది. మార్కండేయులు గారు చేతులు ఎడంగా చాపి, నవ్వు మొహంతో ఎదురుగా నిలబడి ఉన్నారు.

"ఎంతసేపమ్మా, పిల్లల్ని బయటికి తీసుకురండి."

"లెక్క అవనివ్వండి సార్" అని ఆవిడ ఆయన మొహం మీదే తలుపు వేసింది. ఎరువుల బస్తాలు దొంగలు ఎత్తుకుపోకుండా ఎప్పుడో బిగించిన ఇనప గడియ అది. రెండు చేతులతో లాగి గట్టిగా వేసింది.

బయట రెండు వందల మంది దోసెలు పొయ్యడం మొదలెట్టారు. రేకులు అదిరాయి. పిల్లలు చెవుల మీద చేతులు పెట్టుకున్నారు. టీచరు అంకమ్మ పక్కకొచ్చి, దాని రెండు చెవులూ తన అరచేతులతో మూసి నిలబడింది. సుద్దముక్క మళ్లీ కదిలింది. ఒక్కో అంకే దిగింది. కింద గీత పడింది, జవాబు వచ్చింది.

టీచరు చెయ్యి తీసి, వంగి, పిల్ల చెవిలో "ఊఁ" అంది.

అంకమ్మ బల్ల తుడిచి, తర్వాతి లెక్క కోసం చెయ్యి చాపింది.